కెప్టెన్ మాటా... డాక్టర్ మాటా?

అంతరిక్షంలో ఎవరికైనా ప్రాణం మీదికొస్తే నిర్ణయం ఎవరిది? నౌకను నడిపేవాడిదా, నాడి పట్టినవాడిదా? అరవై ఏళ్లుగా టీవీ సీరియళ్లలో తెగని ఈ తగవు... నిజం నౌకల్లోనూ చాలాసార్లే వచ్చింది.

ఆపరేషన్ బల్ల మీద తండ్రి. గుండె ఏ క్షణాన ఆగిపోతుందో తెలీదు. వెంటనే కోసి సరిచేయాలి. అందుకు నెత్తురు కావాలి. ఇవ్వగలిగినవాడు కొడుకు ఒక్కడే. ఆ కొడుకేమో కూర్చున్న కుర్చీలోంచి కదలనంటున్నాడు!

పాషాణ హృదయం అనుకోకండి. అతను కూర్చున్నది కెప్టెన్ కుర్చీలో. అసలు కెప్టెన్‌ను ఎవరో కత్తితో పొడిచారు. నౌకలో రకరకాల గ్రహాల నుంచి వచ్చిన ప్రతినిధులు వందమందికి పైగా ఉన్నారు. ఎవరిదో తెలియని నౌక ఒకటి వెంటాడుతోంది. ఇలాంటప్పుడు తాను లేచి వెళ్లిపోతే ఇంతమంది గతేం కావాలన్నది అతని వాదన. రాకపోతే తండ్రి బతకడన్నది డాక్టర్ వాదన. తల్లి వచ్చి బతిమాలింది. అతను తర్కం చెప్పాడు. ఆవిడ చెంప ఛెళ్లుమనిపించింది. అయినా కదల్లేదు.

1967 నవంబరులో అమెరికా టీవీల్లో వచ్చిన 'స్టార్‌ట్రెక్' సీరియల్లోని 'జర్నీ టు బేబెల్' అనే భాగం కథ ఇది. కొడుకు పేరు స్పాక్... అదేనండీ, సూది చెవులతో, నవ్వూ ఏడుపూ లేకుండా కనిపిస్తాడే, అతనే. తండ్రి సారెక్, వల్కన్ గ్రహం రాయబారి. డాక్టర్ మెకాయ్. కత్తిపోటు తిన్న కెప్టెన్ జేమ్స్ కిర్క్.

చిక్కుముడి విప్పింది రోగుల్లో ఒకరే. మంచం మీదున్న కిర్క్ సంగతి తెలుసుకున్నాడు. తనకు బాగైపోయిందని నటిస్తూ వెళ్లి కుర్చీలో కూర్చుంటానన్నాడు. స్పాక్ నమ్మి రక్తమివ్వడానికి వెళ్లగానే, పగ్గాలు ఇంకొకరికి అప్పగించి మళ్లీ పడుకుంటానన్నాడు. డాక్టర్ ఒప్పుకోలేదు. నిలబడే ఓపికైనా లేని మనిషిని ఎలా పంపిస్తాడు? కానీ పంపకపోతే రెండో రోగి పోతాడు. చివరికి ఆ చిన్న అబద్ధానికి డాక్టరే సాక్షి సంతకం పెట్టాల్సి వచ్చింది. ఈలోగా శత్రునౌక మీదికి రానే వచ్చింది. కెప్టెన్ కుర్చీ వదల్లేకపోయాడు. పైన పేలుళ్లకి నౌక ఊగిపోతుంటే కింద మెకాయ్ గుండె ఆపరేషన్ కానిచ్చాడు. ఆఖర్న తండ్రీ, కొడుకూ, కెప్టెనూ ముగ్గురూ అతని ఆసుపత్రి మంచాల మీదే. ఆ ఒక్కరోజు మాత్రం అందరి నోళ్లూ మూయించి, ఆఖరి మాట తనదే అనిపించుకున్నాడు డాక్టర్!

రాయికి వైద్యం

స్టార్‌ట్రెక్ మొదలైంది 1966 సెప్టెంబరు 8న. మూడేళ్లలో 79 భాగాలొచ్చాయి. రేటింగులు లేవని 1969లో ఆపేశారు. ఆ తర్వాత పునఃప్రసారాల్లో జనం ఎగబడి చూడటం, సినిమాలు రావడం, కొత్త సీరియళ్లు పుట్టుకురావడం అందరికీ తెలిసిందే. గ్రహాంతరవాసులూ, కాంతివేగం కథల సంగతి అలా ఉంచితే... ఆ నౌకలో ముగ్గురి కలహ కాపురమే దాని ప్రాణం. తర్కం స్పాక్‌ది. మనసు మెకాయ్‌ది. ఇద్దరి మాటా విని నిర్ణయం తీసుకునే భారం కిర్క్‌ది. మనిళ్లలో పెళ్లి సంబంధం దగ్గరా, పొలం అమ్మకం దగ్గరా సాగే చర్చల్లో కూడా ఈ ముగ్గురూ ఉంటారు, గమనించారా?

మెకాయ్‌కో ఊతపదం ఉంది. వైద్యం కాని పని ఏది చెప్పినా, తాను డాక్టర్నే తప్ప ఫలానా పనివాణ్ని కాదంటాడు. 1967లోనే వచ్చిన 'ది డెవిల్ ఇన్ ది డార్క్'లో మరీ తమాషా. గనిలో ఓ వింత జీవి గాయపడి పడుంటుంది. దాని ఒళ్లు రక్తమాంసాలు కాదు, సిలికాన్... అంటే రాయి! దానికి వైద్యం చేయమంటాడు కెప్టెన్. ఇది తాపీమేస్త్రీ పని, నా పని కాదంటాడు డాక్టర్. ఎదురుగా రోగి ఉంది, నువ్వు వైద్యుడివి, చెయ్యి... ఇది ఆజ్ఞ అంటాడు కెప్టెన్. సణుక్కుంటూనే వెళ్లి కాంక్రీటు లాంటిది తెప్పించి గాయానికి మెత్తుతాడు మెకాయ్. తీరా అది కోలుకుంటుంటే ఆయన మొహంలో వెలుగు చూడాలి! వానాకాలం కూడా నయం చేయగలనేమో అన్నంత సంబరం.

ఈ పాత్ర వేసిన డిఫారెస్ట్ కెల్లీ 1999లో చనిపోయారు. మీ మెకాయ్‌ని చూసే మేం వైద్యం చదివాం అంటూ ఎంతోమంది చెప్పడమే తనకు దక్కిన పెద్ద గౌరవమని ఆయన అనుకునేవారు.

అధికారం ఉంది... కాగితమేదీ?

స్టార్‌ట్రెక్ లోకంలో కెప్టెన్ మాటకు తిరుగులేదు. ఒక్కరికి తప్ప. కెప్టెన్ ఒంట్లోనో, బుర్రలోనో తేడా వచ్చిందని డాక్టర్ ధ్రువీకరిస్తే ఆ క్షణం నుంచి అతను కెప్టెన్ కాదు. రాజుగారిని దింపగల రాజవైద్యుడన్నమాట.

మరి ఆ అధికారం అక్కరకొచ్చిందా? 1967లో వచ్చిన 'ది డూమ్స్‌డే మెషిన్' చూడండి. తన సిబ్బందినంతా పోగొట్టుకుని, పగతో రగిలిపోతున్న డెకర్ అనే పైఅధికారి ఎంటర్‌ప్రైజ్ నౌక పగ్గాలు లాక్కుంటాడు. అందర్నీ చావులోకి నడిపిస్తున్నాడని డాక్టరుకి కళ్లముందే కనిపిస్తోంది. ఇతను అనర్హుడని ఇప్పుడే రాసిస్తానంటాడు. స్పాక్ అడ్డుపడతాడు. పరీక్ష చేశారా? రికార్డు ఉందా? లేదు. తీరికెక్కడ దొరికింది? అయితే మీ మాట చెల్లదు! కాగితం లేక ప్రాణాల మీదికి రావడం మన ఆఫీసుల్లోనే అనుకున్నాం... నక్షత్రాల మధ్యా అంతేనన్నమాట.

ఆ తర్వాతి తరం సీరియళ్లు వచ్చేసరికి తగవు ముదిరింది. 'వాయేజర్' నౌకలో డాక్టర్ మనిషి కాదు. కాంతితో చేసిన బొమ్మ, కంప్యూటర్ ప్రోగ్రాం. కెప్టెన్ కేథరిన్ జేన్‌వే అనే మహిళ. 1996 మేలో వచ్చిన 'టూవిక్స్' భాగం గురించి స్టార్‌ట్రెక్ అభిమానులు ఇప్పటికీ జుట్టూ జుట్టూ పట్టుకుంటారు. యంత్రంలో పొరపాటు జరిగి ఇద్దరు సిబ్బంది కలిసి ఒకే కొత్త మనిషైపోతారు. అతనికో పేరు, మనసు, స్నేహాలు ఏర్పడతాయి. కొన్నాళ్లకు విడదీసే పద్ధతి దొరుకుతుంది. పాతవాళ్లిద్దరూ తిరిగొస్తారు. ఇతను పోతాడు. తనకు చావాలని లేదని అతను ప్రాధేయపడతాడు. విడదీయమంటుంది కెప్టెన్. రోగి వద్దంటుంటే ప్రాణం తీసే పని నేను చేయనని పక్కకి తప్పుకుంటాడు డాక్టర్. అప్పుడావిడ తానే యంత్రం దగ్గరికెళ్లి మీట నొక్కుతుంది. ఇద్దరు దక్కారు. ఒకడు పోయాడు. బయటికి నడిచి వస్తున్న ఆవిడ మొహంతో కథ అయిపోతుంది.

నన్నడిగితే డాక్టర్ చేసిందే సబబు. కానీ ఆ ఇద్దరిలో ఒకరి ఇంటివాళ్లనడిగితే ఏమంటారో చెప్పగలమా?

1998లో వచ్చిన 'నథింగ్ హ్యూమన్'లో మరో మెలిక. ఇంజినీరు టోరెస్‌ను ఓ వింత జీవి అతుక్కుని ప్రాణాలు తోడేస్తుంటుంది. దాన్ని విడదీయడం తెలిసిన నిపుణుడు ఒక్కడే. అతని ప్రతిరూపాన్ని కంప్యూటర్లో సృష్టిస్తారు. తీరా చూస్తే ఆ విద్యంతా యుద్ధఖైదీల మీద క్రూర ప్రయోగాలు చేసి నేర్చుకున్నదని తేలుతుంది. ఆ చికిత్స నాకొద్దంటుంది రోగి. కానివ్వండి అంటుంది కెప్టెన్. ప్రాణం నిలబడింది, టోరెస్ కోపం మాత్రం చల్లారలేదు.

ఇక 1999 నాటి 'లేటెంట్ ఇమేజ్'. ఒకేసారి ఇద్దరు గాయపడతారు. ఇద్దరి గాయమూ ఒకటే, బతికే అవకాశమూ ఒకటే. వ్యవధి మాత్రం ఒక్కరికే ఉంది. డాక్టర్ తన స్నేహితుణ్ని ఎంచుకుంటాడు. రెండో అమ్మాయి చనిపోతుంది. స్నేహితుడు కాబట్టే ఎంచుకున్నానా అన్న ప్రశ్న దగ్గర ఆ ప్రోగ్రాం తిరిగిందే తిరిగి మొరాయిస్తుంది. నౌకకున్న ఒక్కగానొక్క డాక్టర్ పాడైపోతే ఎలా? కెప్టెన్ ఆ జ్ఞాపకాన్నే చెరిపేయిస్తుంది. ఏడాదిన్నర తర్వాత సంగతి బయటపడ్డాక డాక్టరుకి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. అత్యవసర విభాగాల్లో పనిచేసే వైద్యులు ఎవరికైనా ఈ కథ చూపించి చూడండి. ఇది కల్పితమని వాళ్లకనిపించదు.

కథలు సరే... నిజంగానో?

నిజం వ్యోమనౌకల్లో కెప్టెన్‌కీ డాక్టర్‌కీ మధ్య దూరం మరో రకం. కెప్టెన్ పైనుంటాడు. డాక్టర్ భూమ్మీద, కంట్రోల్ రూంలో కూర్చుంటాడు. ఆయన్ని 'ఫ్లైట్ సర్జన్' అంటారు. తొలినాటి వ్యోమగాములంతా యుద్ధవిమానాల పైలట్లు. డాక్టర్ గదిలోకి వెళ్తే వచ్చే లాభమేమీ లేదు, పోయేది మాత్రం ఉద్యోగం... ఇదీ వాళ్ల లెక్క. ఆ భయం ఉత్తది కాదు. అమెరికా మొట్టమొదట ఎంపిక చేసిన ఏడుగురిలో ఒకరైన డీక్ స్లేటన్‌ను గుండె లయ సరిగా లేదంటూ 1962లో నేల మీదే ఉంచేశారు. ఆయన అంతరిక్షానికి వెళ్లేసరికి 1975 వచ్చింది.

1968 అక్టోబరు. అపోలో-7. కమాండర్ వాలీ షిరాకు నౌకలో జలుబు చేసింది. నవ్వకండి. బరువు లేని చోట ముక్కు కారదు, అక్కడే పేరుకుపోతుంది. గట్టిగా చీదితే తప్ప దిక్కులేదు. మిగతా ఇద్దరికీ అంటుకుంది. పదకొండు రోజులు ముగ్గురూ చిటపటలాడుతూనే గడిపారు. దిగేటప్పుడు హెల్మెట్లు పెట్టుకోవాల్సిందేనని కింది నుంచి ఆదేశం. పెట్టుకుంటే ముక్కు చీదుకోలేం, కర్ణభేరి పగిలిపోతుంది, పెట్టుకోం అన్నాడు షిరా. వాదన సాగింది. చివరికి హెల్మెట్లు లేకుండానే దిగారు. చెవులకేం కాలేదు. కానీ ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా మళ్లీ అంతరిక్షం మొహం చూడలేదు. అన్నట్టు, ఆ ప్రయాణంలో వాడిన జలుబు మాత్రకే తర్వాత ప్రకటనల్లో కనిపించాడు షిరా!

రెండు నెలలకే అపోలో-8. చంద్రుడి దారిలో కమాండర్ ఫ్రాంక్ బోర్మన్‌కు వాంతులు, విరేచనాలు. డాక్టర్లకు చెప్పడానికి ఆయనకు మనసొప్పలేదు. లోకమంతా వింటున్న రేడియోలో చెప్పడం ఇంకా ఇష్టం లేదు. తోటివాళ్ల బలవంతం మీద విషయాన్ని టేపులో రికార్డు చేసి కిందికి పంపారు. ఆ టేపు కింది వాళ్లు వినేసరికి చాలాసేపు పట్టింది. అప్పటికి కమాండర్ కోలుకున్నాడు కూడా.

1970లో అపోలో-13కి మూడు రోజుల ముందు డాక్టర్లదే పైచేయి. సిబ్బందిలోని కెన్ మాటింగ్లీ తట్టు లాంటి రుబెల్లా సోకినవారి దగ్గర మసిలాడు, ఆ జబ్బు తట్టుకునే శక్తి అతని ఒంట్లో లేదు, కాబట్టి వద్దన్నారు. కమాండర్ జిమ్ లోవెల్ గట్టిగానే వాదించాడు. లాభం లేకపోయింది. ఆ నౌక ఏ కష్టాలు పడిందో లోకానికి తెలుసు. మాటింగ్లీకి చివరిదాకా రుబెల్లా రానేలేదు. కింద ఉండిపోయినవాడే, చల్లారిపోయిన నౌకను మళ్లీ ఎలా రాజేయాలో తేల్చే పనిలో చెయ్యివేసి మిత్రుల్ని ఇంటికి తెచ్చాడు.

కమాండరుకి చెప్పని సంగతి

నా దృష్టిలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న వేసింది మాత్రం 1971 నాటి అపోలో-15. చంద్రుడి మీద మూడు రోజులు చెమటోడ్చి, రాళ్లు ఏరి, నౌకలోకి తిరిగొచ్చిన జిమ్ ఇర్విన్ గుండె లయ తప్పింది. ఛాతీకి అంటించిన తీగల పుణ్యమా అని హ్యూస్టన్‌లో తెరల మీద అది కనిపిస్తూనే ఉంది. వైద్యుల గుండెలు జారాయి. భూమ్మీదైతే ఇతణ్ని ఈపాటికి ఐసీయూలో పెట్టేవాళ్లం అనుకున్నారు. ఆ వెంటనే వాళ్లకే తట్టింది... ఇప్పుడున్నదీ ఓ రకంగా ఐసీయూనే కదా! పీలుస్తున్నది నూటికి నూరుపాళ్లూ ఆక్సిజన్. ఒంటి మీద బరువు లేదు. గుండె గతి నిమిషనిమిషం కనిపిస్తోంది. ఇంతకన్నా చేసేదేముంది?

మరి ఆ సంగతి పైనున్న కమాండర్ డేవిడ్ స్కాట్‌కు చెప్పారా? పూర్తిగా చెప్పలేదు. చెబితే కంగారు, కంగారుతో గుండెకు మరింత శ్రమ అని వైద్యుల ఆలోచన కావచ్చు. స్కాట్ ఆ తర్వాత ఈ విషయం తెలిసి నొచ్చుకున్నాడు. నా మనిషికి ఏమైందో నాకు తెలియకపోతే నేను కమాండర్ని ఎలా అవుతాను అన్నది ఆయన బాధ. న్యాయమే. పక్కనే ఉన్నవాడికి తెలిస్తే పని తగ్గించేవాడు, ఓ కన్నేసి ఉంచేవాడు. ఇర్విన్‌కు 1973లో గుండెపోటు వచ్చింది. 1991లో మరో గుండెపోటుతోనే పోయారు.

లోపం పొటాషియంది కావచ్చని వైద్యులు అనుమానించి, అపోలో-16 వాళ్లకి పొటాషియం దట్టించిన నారింజరసం ఇచ్చారు. తాగలేక, కడుపుబ్బరం భరించలేక కమాండర్ జాన్ యంగ్ చంద్రుడి మీద కూర్చుని నారింజల్ని బండబూతులు తిట్టుకున్నాడు. మైకు ఆన్‌లో ఉందని ఆయనకు తెలీదు. డాక్టర్ల మీద కమాండర్ల పగ ఇలా కూడా తీరింది!

రోగి కమాండరే అయితే?

రష్యావాళ్ల అనుభవం వేరు. వాళ్లు ముందు నుంచీ డాక్టర్లనే పైకి పంపేవారు. 1964లో వోస్ఖోద్ నౌకలో వెళ్లిన బోరిస్ యెగొరోవ్ అంతరిక్షం చూసిన తొలి వైద్యుడు. 1984 ఏప్రిల్లో మన రాకేశ్ శర్మ సల్యూత్-7 కేంద్రానికి వెళ్లినప్పుడు తలుపు తీసి ఆహ్వానించిన ముగ్గురిలో ఒలెగ్ అత్కోవ్ హృద్రోగ నిపుణుడు. శర్మ అక్కడ యోగాసనాలు వేస్తే, అదే కేంద్రంలో గుండెలు పరీక్షిస్తూ అత్కోవ్ 237 రోజులు గడిపాడు.

విధి ఎలాంటిదంటే... మరుసటేడు అదే సల్యూత్-7లో డాక్టర్ లేని జట్టుకే జబ్బు వచ్చింది. అదీ కమాండర్ వ్లదీమిర్ వాస్యూతిన్‌కు. 1985 సెప్టెంబరులో వెళ్లారు. ఆరునెలల పని ఉంది. కొన్ని వారాలకే ప్రోస్టేట్ ఇన్ఫెక్షన్, తీవ్ర జ్వరం, నొప్పులు. ఆజ్ఞలివ్వాల్సినవాడే మూలుగుతుంటే మిగతా ఇద్దరూ సేవ చేశారు, పని చేశారు. మందులు పనిచేయలేదు. నవంబరు 21న అర్ధంతరంగా దిగొచ్చేశారు. అంతకుముందు 1976లో సల్యూత్-5 నుంచీ, ఆ తర్వాత 1987లో మీర్ నుంచీ ఇలాగే ఆరోగ్యం బాగాలేక కొందరు ముందే రావాల్సొచ్చింది.

ఇప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సంగతి. భూమికి నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే ఈ ఇంట్లో ప్రతిసారీ డాక్టర్ ఉండడు. సభ్యుల్లోనే ఒకరిద్దరికి సుమారు 40 గంటల వైద్యశిక్షణ ఇచ్చి పంపుతారు. కుట్లు వేయడం, సూది గుచ్చడం, పన్ను పీకడం లాంటివి నేర్పుతారు. గుండె ఆగితే? మనం ఛాతీ మీద నొక్కుతాం. అక్కడ నొక్కితే నొక్కినవాడే పైకి ఎగిరిపోతాడు. అందుకని రోగిని బల్లకు పట్టీలతో కట్టి, నొక్కేవాడు తలకిందులుగా నిలబడినట్టు పాదాలు ఎదురుగోడకి తన్నిపెట్టి మరీ నొక్కాలి.

పెత్తనం లెక్క కూడా కాగితం మీద రాసే ఉంది. సిబ్బంది భద్రత, ఆరోగ్యం కమాండర్ బాధ్యత. అయితే ఆయన పైన భూమ్మీది ఫ్లైట్ డైరెక్టర్ ఉంటాడు. డాక్టర్ సలహా చెబుతాడు. మరో చిన్న ఏర్పాటుంది. ప్రతి వ్యోమగామీ తన డాక్టర్‌తో విడిగా, రహస్యంగా మాట్లాడుకోవచ్చు. ఆ సంభాషణ కమాండర్ కూడా వినకూడదు. బోర్మన్ టేపులూ, స్కాట్ కోపమూ గుర్తున్నవాళ్లకి ఈ ఏర్పాటు విలువ తెలుస్తుంది.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో 2020 జనవరిలో ఓ వైద్యపత్రికలో వచ్చిన ఉదంతం చెబుతుంది. ఓ వ్యోమగామికి, పేరు ప్రకటించలేదు, యాత్ర మొదలైన రెండు నెలలకి మెడలోని సిరలో రక్తం గడ్డకట్టినట్టు తేలింది. అదీ ఓ ప్రయోగం కోసం అల్ట్రాసౌండ్ తీస్తుంటే అనుకోకుండా కనిపించింది. దింపేయాలా, పైనే వైద్యం చేయాలా? నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలోని రక్తనిపుణుణ్ని సంప్రదించారు. పైన ఉన్న మందు కొంచెమే. అది సరిపోయేలా మోతాదు లెక్కగట్టి, సరకు నౌకలో మాత్రలు చేరేదాకా నలభై రోజులకు పైగా సూదులతో నెట్టుకొచ్చారు. ఆ వ్యోమగామి ఆరునెలల యాత్ర పూర్తిచేసుకునే దిగాడు... లేక దిగిందో!

2026 జనవరిలో మాత్రం మరో నిర్ణయం తీసుకోవాల్సొచ్చింది. ఎనిమిదో తేదీన ఇద్దరు నౌక బయట నడవాల్సి ఉండగా ఒకరి ఆరోగ్యం బాగాలేదని ఆపేశారు. నాసా ప్రధాన వైద్యాధికారితో మాట్లాడి, సంస్థ అధిపతి జారెడ్ ఐజక్‌మన్ 'క్రూ-11' జట్టు నలుగుర్నీ నెల ముందే రప్పించేశారు. జనవరి 15న కాలిఫోర్నియా తీరంలో దిగారు. ఒక్కరి కోసం నలుగురెందుకంటే, వచ్చే బండి ఒక్కటే, అది వచ్చేస్తే మిగతావాళ్లకి లైఫ్‌బోటు ఉండదు. వెనకాల ముగ్గురే మిగిలారు. పాతికేళ్లలో ఆ కేంద్రం నుంచి ఆరోగ్య కారణంతో అలా దింపేయడం అదే మొదటిసారి. పరిస్థితి నిలకడగానే ఉందన్నారు, అయినా దింపారు. ఏ కారణమో పైన తేల్చుకోగల పరికరాలు లేనప్పుడు అనుమానమే చాలు అన్నది వైద్యుల మాట. ఈసారి అధికారులు దానికి తలూపారు.

హైదరాబాద్ విమానంలో...

ఇదంతా మనకు దూరం అనుకోనక్కర్లేదు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి అమ్మానాన్నలు పద్దెనిమిది, ఇరవై గంటలు ప్రయాణం చేసే కుటుంబాలు మన దగ్గరెన్ని! విమానంలో ఎవరైనా డాక్టర్ ఉన్నారా అన్న పిలుపు అప్పుడప్పుడూ వినిపిస్తుంటుంది. 2022 జులైలో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వస్తున్న విమానంలో అలా పిలిస్తే లేచి వచ్చింది సాక్షాత్తూ అప్పటి తెలంగాణ గవర్నర్ తమిళిసై సౌందరరాజన్. ఆవిడ స్వతహాగా వైద్యురాలు మరి.

అక్కడా అదే ప్రశ్న. దగ్గర్లో విమానం దించమని డాక్టర్ అంటారు. దించాలా వద్దా తేల్చేది కెప్టెనే. కిందనున్న రన్‌వే పొడవెంత, వాతావరణం ఎలా ఉంది, నిండా ఇంధనంతో ఉన్న బరువు విమానం అక్కడ ఆగుతుందా, ఆ ఊళ్లో గుండె ఆసుపత్రి ఉందా... ఇవి రోగి పక్కన మోకాళ్లమీద కూర్చున్న డాక్టరుకి తెలియవు. చాలా విమానసంస్థలు నేల మీది వైద్యుల్ని కూడా ఫోన్లోకి తెచ్చుకుంటాయి. అంటే ఒక రోగికి ఇద్దరు డాక్టర్లు, ఒక కెప్టెన్.

దించకపోవడమే మంచిదని డాక్టరే అన్న సందర్భమూ ఉంది. 1995లో హాంకాంగ్ నుంచి లండన్ వెళ్తున్న విమానంలో ఓ ప్రయాణికురాలికి ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి శ్వాస ఆగిపోయే స్థితి వచ్చింది. దిగేటప్పుడు మారే గాలిపీడనానికి ప్రాణమే పోవచ్చని ప్రయాణికుల్లో ఉన్న సర్జన్ ఆంగస్ వాలెస్ భయం. అందుకని ఆకాశంలోనే కోశారు. చొక్కా తగిలించే హ్యాంగర్ తీగ, మూత్రం గొట్టం, నీళ్ల సీసా, తుడవడానికి బ్రాందీ... ఇవీ పరికరాలు. ఆమె బతికింది.

డాక్టరుకే జబ్బు చేస్తే

అంగారకుడికి వెళ్లే రోజు వస్తే ఈ తగవుకి కొత్త రూపం వస్తుంది. భూమి నుంచి మాట చేరడానికి గ్రహాల దూరాన్నిబట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. నెత్తురు కారుతోంది ఏం చేయమంటారని అడిగితే, జవాబు వచ్చేసరికి ముప్పావుగంట కావచ్చు. మధ్యదారిలో వెనక్కి తిప్పడం కుదరదు. కాబట్టి కింది డాక్టర్ని నమ్ముకుంటే లాభం లేదు. మెకాయ్ నౌకలోనే ఉండాలి. కెప్టెన్‌తో పోట్లాట కూడా నౌకలోనే.

ఆ మెకాయ్‌కే ఏదైనా అయితే? భూమ్మీదే ఒకసారి అయింది. 1961 ఏప్రిల్ ఆఖర్న, అంటార్కిటికాలోని సోవియట్ కేంద్రం నొవొలాజరేవ్‌స్కయాలో. మన 'మైత్రి' కేంద్రం ఇప్పుడున్నది దానికి ఐదు కిలోమీటర్ల దూరంలోనే. డజను మందికి ఒక్కడే డాక్టర్, ఇరవై ఏడేళ్ల లియొనిద్ రొగొజోవ్. అతనికి అపెండిసైటిస్ వచ్చింది. బయట మంచుతుపాను. విమానం రాదు, ఓడ రాదు. మత్తు మొత్తం ఎక్కించుకుంటే కోసేవాడు లేడు. పొట్ట వరకు తిమ్మిరి సూది వేసుకుని, సగం పడుకుని తన పొట్ట తానే కోసుకున్నాడు. వాతావరణ నిపుణుడు గాయం తెరిచిపట్టే కొంకీలు పట్టుకున్నాడు. డ్రైవరు అద్దం, దీపం పట్టుకున్నాడు. అద్దంలో అంతా తిరగబడి కనిపిస్తుంటే చాలావరకు చేత్తో తడిమే కానిచ్చాడు. కళ్లు తిరుగుతుంటే ఆగుతూ, మళ్లీ మొదలుపెడుతూ... దాదాపు రెండు గంటలు.

ఆ కేంద్రం అధిపతి కూడా ఆ గదిలోనే ఉన్నాడు. ఆజ్ఞలివ్వడానికి కాదు. సహాయకుల్లో ఎవరైనా కళ్లు తిరిగి పడిపోతే వాళ్ల చేతిలో పనిముట్టు అందుకోవడానికి సిద్ధంగా.

రెండు వారాలకు రొగొజోవ్ డ్యూటీలో చేరాడు. ఆస్ట్రేలియా తన అంటార్కిటికా కేంద్రాల్లో శీతకాలమంతా ఉండే డాక్టర్లకు ఒక నిబంధన పెట్టింది. బయల్దేరే ముందే, బాగున్నా సరే, అపెండిక్స్ తీయించుకుని రావాలి.